మా ఆయన ఫోన్ ఎత్తడు, ఆ అబద్ధాలన్నీ నేనే చెప్పాలి

వాన_చినుకు
మా పెళ్లయి ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో మా అమ్మతో చెప్పినన్ని అబద్ధాలు నా జన్మలో ఇంకెవరితోనూ చెప్పలేదు. "స్నానానికి వెళ్లాడమ్మా", "మీటింగ్‌లో ఉన్నాడమ్మా", "ఇప్పుడే పడుకున్నాడమ్మా". అన్నీ మా ఆయన ఫోన్ ఎత్తనందుకే.

మేమిద్దరమే ఉన్నప్పుడు గలగలా మాట్లాడతాడు, పాటలు పాడతాడు, నన్ను తెగ నవ్విస్తాడు. ఫోన్ మోగిందా, గేటు చప్పుడైందా, మనిషే మారిపోతాడు. ఎవరైనా వస్తే లోపలి గదిలోంచి బయటికి రాడు. ఏదైనా ఫంక్షన్ ఉందంటే నాలుగు రోజుల ముందు నుంచే నిద్ర ఉండదు. తీరా ఆ రోజు తలనొప్పి అంటాడు. నేనొక్కదాన్నే వెళ్లొస్తాను.

మొన్న మా నాన్నకి ఆపరేషన్ అయింది. బంధువులంతా ఫోన్ చేసి పలకరించారు. తను చేయలేదు. నాలుగో రోజు అమ్మే తనకి చేసింది. నేను పక్కనే ఉన్నాను. ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, అది అదురుతున్నంతసేపూ దానివైపే చూస్తూ కూర్చున్నాడు. ఆగిపోయాక భుజాలు కిందికి దిగాయి, ఊపిరి వదిలాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అమ్మేమో "అల్లుడికి మేమంటే లెక్కలేదే" అని బాధపడుతోంది. లెక్క ఉందమ్మా, భయమే అంతకంటే ఎక్కువ అని ఎలా చెప్పను? నాకే సరిగ్గా అర్థం కావట్లేదు. ఇలా ఉన్నవాళ్లు, ఇలాంటివాళ్లతో ఉంటున్నవాళ్లు ఎవరైనా చెప్పండి. నేనేం చేయాలి?

మాటకారి
తప్పుగా అనుకోకండి. ఆఫీసులో మాట్లాడుతున్నాడా లేదా? మాట్లాడకుండా ఉద్యోగం ఎలా చేస్తాడు? అక్కడ లేని భయం అత్తగారి ఫోన్‌కే ఎందుకొస్తుంది? ఇది భయం కాదండీ, మనసు లేకపోవడం. మీరు వెనకేసుకొస్తున్నారు కాబట్టి సాగుతోంది.

కిటికీ_సీటు
వెనకేసుకొస్తున్నారన్నది నిజమే కావచ్చు. మనసు లేదనడం మాత్రం తొందరపాటు. ఆవిడ చెప్పిన ఆ ఫోన్ సంగతి మళ్లీ ఒకసారి చదవండి. లెక్కలేనివాడు ఫోన్ కట్ చేసి తన పని తను చూసుకుంటాడు, దానివైపే చూస్తూ కూర్చోడు.

నిశ్శబ్దం22
నేను మీ ఆయన లాంటివాడినే. మాటకారి గారి ప్రశ్నకి నా అనుభవంలోంచి జవాబు చెప్తాను.

ఆఫీసులో ఏం మాట్లాడాలో ముందే తెలుసు. పని ఉంది, లెక్కలున్నాయి, దాని గురించి మాట్లాడితే చాలు. "ఎలా ఉన్నావు బాబూ, ఏంటి సంగతులు" అన్నప్పుడే నాకు దిక్కు తోచదు. ఆ ప్రశ్నకి సరైన జవాబంటూ ఉండదు కదా. ఫోన్‌లో అయితే ఎదుటివాళ్ల ముఖం కూడా కనిపించదు. రెండు క్షణాలు మౌనం వస్తే చాలు, వాళ్లు విసుక్కున్నారనే అనిపిస్తుంది. గుండె దడ మొదలవుతుంది, గొంతు తడారిపోతుంది.

ఇంకో సంగతి. ఇష్టం లేనివాళ్ల దగ్గర నాకు ఇంత భయం ఉండదు. వాళ్లు ఏమనుకుంటే నాకేం? ఎవరి దగ్గర మంచిపేరు పోగొట్టుకోకూడదనుకుంటానో వాళ్ల దగ్గరే నోరు పెగలదు.

ఎత్తకుండా వదిలేస్తే ఆ క్షణానికి ఎంతో హాయిగా ఉంటుంది. మర్నాడు "నిన్న ఎందుకు ఎత్తలేదంటారేమో" అన్న భయం తోడవుతుంది. మూడో రోజుకి "ఇన్నాళ్లకి గుర్తొచ్చామా అంటారేమో" అన్నది చేరుతుంది. వారం తిరిగేసరికి ఒక చిన్న ఫోన్ కొండంత అయి కూర్చుంటుంది. అలా నేను దూరం చేసుకున్నవాళ్లు ముగ్గురున్నారు. అందులో ఒకరు మా మేనమామ. చనిపోయే ముందు రెండుసార్లు ఫోన్ చేశాడు.

అక్కా, ఒకటి అడుగుతాను. మీ ఆయన మాట్లాడే ముందు ఏమైనా కాగితం మీద రాసుకుంటారా?

వాన_చినుకు
తమ్ముడూ, మీ పోస్టు చదివాక లేచి వెళ్లి తన చొక్కా జేబులు వెతికాను. ఇంతవరకూ ఎప్పుడూ వెతకలేదు. ఉతకడానికి వేసిన దాంట్లో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది. "మామయ్యా, ఎలా ఉన్నారు" అని రాసి కొట్టేశాడు. "మామయ్యా, నొప్పి తగ్గిందా" అని రాసి దాన్నీ కొట్టేశాడు. కింద "ఆలస్యంగా చేస్తున్నందుకు ఏమీ అనుకోకండి" అని ఉంది. అది కొట్టేయలేదు.

మనసు లేకపోవడం కాదు మాటకారి గారూ.

గోరింట
చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఆ కాగితం పారేయకండి.

మాటకారి
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాగితం సంగతి చదివాక ఇక అనలేను. కానీ ఒకటి. పక్కనుండి ఒకసారి ఫోన్ చేతిలో పెట్టేస్తే అయిపోయేది కదా! నీళ్లలోకి తోస్తేనే కదా ఈత వచ్చేది.

పాత_సైకిల్
తోస్తే ఏమవుతుందో నేను చెప్తాను. నాది మనుషుల భయం కాదు, కుక్కల భయం. ఎనిమిదేళ్లప్పుడు కరిచింది. ప్రాణ స్నేహితుడి ఇంట్లో కుక్క ఉండేది. వాడింటికి వెళ్లినప్పుడల్లా దాన్ని గదిలో పెట్టి తలుపేసేవాడు. ఒకరోజు నలుగురూ కలిసి "వీడి భయం ఈరోజుతో వదిలిద్దాం" అని నన్ను పట్టుకుని దాన్ని వదిలారు. అది నా మీద కాళ్లు పెట్టింది, అంతే, కరవలేదు. నాకు మాత్రం ఊపిరాడలేదు. వాళ్లు నవ్వుతున్నారు. ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు, వాడితో పదకొండేళ్లు మాట్లాడలేదు. కుక్క మీద భయం పోలేదు సరికదా, స్నేహితుడి మీద నమ్మకం పోయింది.

తర్వాత అది ఎలా తగ్గిందో కూడా చెప్పాలి. థెరపిస్ట్ దగ్గర ముందు ఫొటోలు, ఆ తర్వాత వీడియోలు, తర్వాత రోడ్డుకి అవతలి వైపు గొలుసుతో నడిచి వెళ్తున్న కుక్క. ప్రతి మెట్టు దగ్గరా "ముందుకి వెళ్దామా" అని నన్ను అడిగేవారు. భయపడ్డాను, బాగా భయపడ్డాను. కానీ అడుగు నాది. తేడా అంతా అక్కడే ఉంది.

మూడో_అంతస్తు
క్లినికల్ సైకాలజిస్ట్‌గా పని చేస్తాను. ఎవరినీ చూడకుండా ఇది ఫలానా సమస్య అని చెప్పలేను. ఇక్కడ వచ్చిన కొన్ని మాటలకి మాత్రం నాకు తెలిసింది రాస్తాను.

పాత_సైకిల్ గారు చెప్పిన మెట్ల పద్ధతి కొత్తది కాదు. 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే సైకాలజిస్ట్, కుందేలంటే భయపడే ఒక చిన్న పిల్లాడికి దాన్ని రోజురోజుకీ కాస్త దగ్గరికి జరుపుతూ భయం పోగొట్టారు. ఇప్పటికీ ఫోబియాలకి బాగా పనిచేసే చికిత్స ఆ దారిలోనిదే.

సోషల్ యాంగ్జైటీలో, అంటే నలుగురూ తన గురించి ఏమనుకుంటారో అన్న భయంలో, ఇంకో మెలిక ఉంది. భయపడే మనిషి తనని తాను కాపాడుకోవడానికి కొన్ని పనులు చేస్తాడు. మాటలు ముందే వల్లించుకోవడం, కళ్లలోకి చూడకపోవడం, ఫోన్ చూస్తున్నట్టు ఉండడం, చెయ్యి వణుకు కనపడకుండా గ్లాసుని గట్టిగా పట్టుకోవడం, పొడిపొడిగా జవాబు చెప్పి తప్పుకోవడం. వీటిని సేఫ్టీ బిహేవియర్స్ అంటాం. తను కాపాడుకుంటున్నానని అనుకుంటాడు. చూసేవాళ్లకి అదే పొగరులా కనిపిస్తుంది. దాంతో వాళ్లూ ముభావంగా ఉంటారు. "చూశావా, నేనంటే వాళ్లకి ఇష్టం లేదు" అని తన భయం రుజువైపోతుంది. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు 1995లో ఈ వలయాన్ని వివరంగా రాశారు. చికిత్సలో పెద్ద భాగం ఈ పనులని ఒక్కొక్కటే వదిలి చూడటం, అనుకున్న ఉపద్రవం నిజంగా వచ్చిందో లేదో గమనించడం.

వాన_చినుకు గారూ, మీరు చెప్పే అబద్ధం కూడా ఆయనకి ఒక గొడుగే. ప్రేమతోనే పట్టారు. కానీ ఆ గొడుగు ఉన్నంతకాలం, తడిస్తే ఏమీ కాదని ఆయనకి తెలిసే అవకాశం రాదు. అలాగని రేపే లాగేయకండి. ముందు ఆయనకి చెప్పి, ఇద్దరూ కలిసి ఒక్క చోట మొదలుపెట్టండి.

లెక్కల_మాస్టారు
అందరూ అన్నాక నాదీ ఒక మాట. నాకు చిన్నప్పుడు మొహమాటం ఎక్కువ. ఎవరూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదు. క్లాసులో పాఠం చెప్పగా చెప్పగా అదే పోయింది. ఈ మధ్య ప్రతి బిడియానికీ ఒక జబ్బు పేరు పెట్టేస్తున్నారు. బిడియస్తుడు బిడియస్తుడిగా ఉండకూడదా?

మూడో_అంతస్తు
ఉండొచ్చు మాస్టారూ, ఉండాలి కూడా. నలుగురిలో తక్కువ మాట్లాడటం జబ్బు కాదు. ఒంటరిగా ఉండటం ఇష్టమై ఉండేవాళ్లూ ఉన్నారు. నేను చూసేది వెళ్లాలని ఉండి వెళ్లలేనివాళ్లని. ఆరు నెలలకి పైగా అదే భయం, దానివల్ల చదువో ఉద్యోగమో మనుషులో దూరమవడం, ఇవి ఉన్నప్పుడే ఆ పేరు పెడతాం. 1980లో మానసిక సమస్యల పేర్లు, లక్షణాలు ఉండే అమెరికన్ సైకియాట్రిస్టుల పుస్తకంలో దీన్ని సోషల్ ఫోబియా అని విడిగా చేర్చారు. అంతకుముందు కూడా ఈ మనుషులున్నారు. ముంగి అనో పొగరుబోతు అనో అనిపించుకుంటూ బతికారు.

నిశ్శబ్దం22
ముంగి. నా స్కూలు పేరు అదే.

కిటికీ_సీటు
నేను కాస్త వేరేగా మాట్లాడతాను. ఎవరైనా నొచ్చుకుంటే మన్నించండి.

భయపడేవాళ్ల గురించి చాలా రాశారు. పక్కన ఉన్న మనిషి గురించి ఎవరూ రాయలేదు. నాలుగేళ్లు ఇలాంటి అబ్బాయితో ఉన్నాను. మంచివాడు. నా స్నేహితులెవరినీ కలవలేదు. నా చెల్లి పెళ్లికి గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నేను లోపల అందరికీ "దారిలో ఉన్నాడు, వచ్చేస్తాడు" అని చెప్తూ రెండు గంటలు తిరిగాను. ఫొటోలన్నిట్లో నా పక్కన ఖాళీ ఉంది.

కొన్నాళ్లకి నన్ను పిలవడం మానేశారు, ఎలాగూ రారు కదా అని. అతని భయం అతనిది, దాని ఒంటరితనం మాత్రం నాది. సాయం తీసుకోమని ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు. ఆ సైకాలజిస్ట్ కూడా కొత్త మనిషే కదా అనేవాడు. చివరికి విడిపోయాం. నాకిప్పటికీ అతని మీద కోపం లేదు, కానీ వెళ్లిపోయినందుకు తప్పు చేశాననీ అనుకోను. వాన_చినుకు గారూ, మీరు కూడా ఆ ఇంట్లో ఒక మనిషి. మీకు ఏడుపొచ్చిందని రాశారు. అది తనకి చెప్పారా?

వాన_చినుకు
లేదండీ. చెప్తే ఇంకా కుంగిపోతాడని ఇంతవరకూ చెప్పలేదు.

నిశ్శబ్దం22
కిటికీ_సీటు గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. ఆ గుమ్మం దగ్గర నేనూ నిలబడ్డాను, వేరే గుమ్మం. లోపల నా కోసం ఎవరు అబద్ధం చెప్తున్నారో ఎప్పుడూ ఆలోచించలేదు. భయం పట్టుకున్నప్పుడు నాకు నేను తప్ప ఇంకెవరూ కనిపించరు. నా ముఖం ఎర్రబడిందా, నా గొంతు వణికిందా, అంతా అదే. ఎదుటివాళ్లు ఏం చెప్పారో కూడా బుర్రకెక్కదు. అది స్వార్థం కాకపోవచ్చు, పక్కనున్నవాళ్లకి మాత్రం అలాగే తగులుతుంది. మీరు రాసినందుకు మేలు చేశారు.

అక్కా, చెప్పండి. కుంగిపోతాడని దాచకండి. నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

రెండో_బెల్లు
ఇది మనుషుల భయాలకే కాదు, అన్నిటికీ వర్తిస్తుంది. నాకు రక్తం, సూది అంటే కళ్లు తిరిగి పడిపోతాను. నా భార్య కాన్పప్పుడు నన్ను లోపలికి రమ్మంది. రాలేనన్నాను, కారణం చెప్పడానికి నామోషీ. బయట కారిడార్‌లో కూర్చున్నాను. "ఆ రోజు నువ్వు లేవు" అని ఏడేళ్ల పాటు ఏదో ఒక సందర్భంలో అంటూనే ఉంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

రెండో కాన్పుకి ముందు ఒక డాక్టర్‌తో చెప్పుకున్నాను. మిగతా భయాల్లో బీపీ పెరుగుతుందట, రక్తం చూసిన భయంలో మాత్రం ముందు కాస్త పెరిగి ఒక్కసారిగా పడిపోతుందట, కళ్లు తిరిగేది అందుకే. అందుకని రిలాక్స్ అవమని చెప్పరు, దానికి పూర్తిగా తిరగేసి చేయమంటారు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలన్నీ పది పదిహేను సెకన్లు బిగబట్టి, ముఖం వేడెక్కాక వదలడం. అర నిమిషం ఆగి మళ్లీ. ఇలా ఐదుసార్లు. రెండు నెలలు రోజూ చేశాను. రెండోసారి లోపలే ఉన్నాను, తల వైపు నిలబడి, పిడికిళ్లు బిగించుకుని. నా భార్య నొప్పుల మధ్యలో నన్ను చూసి "వదలకు, గట్టిగా బిగించు" అంటోంది. ఎవరు ఎవరికి ధైర్యం చెప్పాలి అసలు!

గోరింట
రెండో_బెల్లు గారూ, ఇంత టెన్షన్ చదువులోనూ ఇక్కడ నవ్వేశాను. ఆవిడకి దండం పెట్టాలి.

మూడో_అంతస్తు
వారు చెప్పిన పద్ధతిని అప్లైడ్ టెన్షన్ అంటారు. స్వీడన్‌కి చెందిన లార్స్ గోరన్ ఊస్ట్, ఆయన సహచరులు రూపొందించారు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టర్‌ని అడిగే చేయాలి.

సాయంత్రం_నడక
మందుల సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు కౌన్సెలింగ్‌తో పాటు సెర్ట్రలిన్ అనే మందు కూడా ఇచ్చారు. మొదటి రెండు వారాలు వికారం తప్ప ఏ మార్పూ లేదు, మానేద్దామనుకున్నాను. ఐదో వారం దాటాక భయం కాస్త పలచబడింది. పోలేదు, పలచబడింది. ఆ సందులో కౌన్సెలర్ చెప్పినవి చేయగలిగాను. సొంతంగా మొదలుపెట్టకండి, సొంతంగా ఆపేయకండి.

అంతకుముందు నా మందు వేరే. ఏ పార్టీకైనా రెండు పెగ్గులు వేసుకునే వెళ్లేవాణ్ని. మూడేళ్లు అందరూ నేను మహా సరదా మనిషినని అనుకున్నారు. ఇంట్లోవాళ్లకే తెలుసు. ఆ దారిలో ఎవరైనా ఉంటే దయచేసి డాక్టర్‌కి ఆ విషయం కూడా చెప్పండి.

మాటకారి
నిశ్శబ్దం గారూ, ఇక్కడ ఇంత చక్కగా, ఇంత ధారాళంగా రాస్తున్నారే! మీరు మాట్లాడలేరంటే నమ్మబుద్ధి కావట్లేదు.

నిశ్శబ్దం22
ఇక్కడ కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు కదండీ.

లెక్కల_మాస్టారు
మొన్న అన్న మాట గురించి మళ్లీ రాస్తున్నాను. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. లెక్కలన్నీ వచ్చు, క్లాసులో చెయ్యెత్తదు. హాజరు పిలిచినప్పుడు పలకలేక ఆబ్సెంట్ పడిందని నిన్న వాళ్ల టీచర్ చెప్పారు. ఎవరైనా తనని పేరడిగితే నేనే చెప్పేస్తున్నానని ఇప్పుడు గమనించాను. పద్నాలుగేళ్లుగా చెప్తున్నాను. పాఠం చెప్పగా చెప్పగా నాకు పోయినట్టే దీనికీ పోతుందిలే అనుకున్నాను. నాకు రోజూ పాఠం చెప్పాల్సిన అవసరం ఉండేది. దానికి అలాంటి అవసరం ఏదీ నేను రానివ్వలేదు. ఏం చేయమంటారు?

మూడో_అంతస్తు
మాస్టారూ, ఇది ఎక్కువగా ఆ వయసులోనే మొదలవుతుంది. ఇప్పుడు గమనించడం మంచిదైంది. ఎవరైనా అడిగినప్పుడు మీరు జవాబివ్వకండి, మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి. ఆ మౌనం మీకే కష్టంగా ఉంటుంది, ఓర్చుకోండి. తను మెల్లగా అన్నా చాలు. "గట్టిగా చెప్పు" అనకండి, నలుగురి ముందు మెచ్చుకోకండి కూడా. అందరి చూపూ తన మీద పడటమే కదా తన భయం. స్కూల్లో టీచర్‌తో మాట్లాడి, ముందు హాజరుకి నోటితో పలక్కపోయినా చెయ్యెత్తితే చాలనుకోండి. దగ్గర్లో పిల్లల సైకాలజిస్ట్ ఉంటే ఒకసారి చూపించండి.

కిటికీ_సీటు
మీ అమ్మాయికి లెక్కలన్నీ వచ్చన్నారు కాబట్టి ఇది చెప్పండి మాస్టారూ. 2000లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో కాలేజీ పిల్లలకి ఇబ్బందిగా అనిపించే బొమ్మ ఉన్న టీషర్ట్ వేసి ఒక గదిలోకి పంపారు. గదిలో ఎంతమంది ఆ బొమ్మ గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లని అడిగితే, దాదాపు సగం మంది చూసుంటారన్నారు. నిజంగా గమనించింది దాదాపు పావు వంతు. ఆ అబ్బాయికి చెప్పాలని అప్పట్లో చదివాను. చెప్పేలోపే విడిపోయాం.

లెక్కల_మాస్టారు
చెప్తాను. సగానికి సగం తప్పు లెక్క. దానికి నచ్చుతుంది.

వాన_చినుకు
పన్నెండు రోజులైంది. అందరికీ చెప్పాలనిపించింది.

ముందు ఆ కాగితం బల్ల మీద పెట్టి, చూశానని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత నేను కూడా నా సంగతి చెప్పాను, అమ్మ అన్న మాటలు, నా అబద్ధాలు, ఒక్కదాన్నే ఫంక్షన్లకి వెళ్లి రావడం. "నీకు ఇంత కష్టంగా ఉందని నాకు తెలియదు" అన్నాడు. ఇద్దరం కలిసి ఒక మాట అనుకున్నాం. ఇకమీదట నేను అబద్ధం చెప్పను, తనకి చెప్పకుండా నిజమూ చెప్పను. అమ్మకి ఎంతవరకు చెప్పాలో తనే నిర్ణయించాడు.

అమ్మతో అన్నాను, "తనకి ఫోన్‌లో మాట్లాడాలంటే భయమమ్మా, మీరంటే గౌరవం లేక కాదు" అని. అమ్మ ముందు నమ్మలేదు. "అంత చదువుకున్నవాడికి భయమేంటే" అంది. రాత్రి మళ్లీ తనే ఫోన్ చేసింది. "మీ చిన్నాన్న కూడా ఎవరైనా వస్తే పెరట్లోకి వెళ్లిపోయేవాడు. మేమంతా వెక్కిరించేవాళ్లం" అని, కాసేపాగి "అల్లుణ్ని నేనేమీ అననులే" అంది.

ఆదివారం నాన్నకి తనే ఫోన్ చేశాడు. నేను పక్క గదిలోకి వెళ్లిపోయాను, అలాగే ఉండమన్నాడు. రెండు నిమిషాలు కూడా లేదు. బుధవారం అమ్మ చేస్తే మాత్రం ఎత్తలేదు. నేనూ ఏ సాకూ చెప్పలేదు, "ఇవాళ తన వల్ల కాలేదమ్మా" అన్నాను, అంతే. వచ్చే వారం సైకాలజిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. ఫోన్ చేయక్కర్లేకుండా ఆన్‌లైన్‌లో తీసుకునే వీలుంది, తనే తీసుకున్నాడు.

నిశ్శబ్దం22
అక్కా, చాలా సంతోషం. ఆదివారం మాట్లాడేటప్పుడు కాగితం దగ్గర పెట్టుకున్నారా?

వాన_చినుకు
చేతిలోనే ఉంది తమ్ముడూ. చెమటకి తడిసిపోయి, తీరా చూసుకుంటే అక్షరాలు కనపడలేదట. "ఎలా ఉన్నారు మామయ్యా" అని చూడకుండానే అనేశాడు. నాన్న తన కుట్ల గురించి చెప్పుకుంటూ పోయాడు.